అటక మీద దొరికిన ఆవు బొమ్మ ఎల్పీ: పాత ప్లేయర్‌లో పెట్టొచ్చా? ఇలాంటివి ఇంకేం వినొచ్చు?

తిరుపతిలో తాతగారింటి అటక మీద మీ పదిహేనేళ్ల అమ్మాయికి దొరికిందన్న రికార్డు బ్రిటన్ రాక్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్ వాళ్ల ‘ఆటమ్ హార్ట్ మదర్’, 1970 నాటిది. అట్ట మీద ఆవు తప్ప బ్యాండు పేరు, ఆల్బమ్ పేరు కావాలనే వేయలేదు. పాప తొందరపడుతుంటుంది గానీ, ప్లేయర్ చూసుకోకుండా మాత్రం పెట్టనీయకండి.

ముందు ముల్లు చూడండి. ఆ కాలం ప్లేయర్లలో చాలావాటికి తిప్పుకునే ముల్లు ఉంటుంది: ఒకవైపు 78కి (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులు), రెండోవైపు ఎల్పీకి (నిమిషానికి 33⅓ చుట్లు తిరిగేవి). 78 ముల్లు మూడు నాలుగింతలు లావు. అది ఎల్పీ గాడిలో దిగదు, అంచుల్ని కోసేస్తుంది. అటక దించిన ప్లేయర్లకి లివర్ 78 వైపే ఉండిపోవడం మామూలే. ఏళ్ల తరబడి వాడిన ముల్లయితే ఆలోచించకుండా మార్చేయండి. తర్వాత వేగం. రికార్డు అంచున చిన్న కాగితం ముక్క పెట్టి తిప్పండి, 3 నిమిషాల్లో సరిగ్గా 100 చుట్లు రావాలి. తక్కువొచ్చినా, పాట ఊగినా, లోపలి రబ్బరు చక్రం గట్టిపడి ఉండొచ్చు.

కడగడానికి బోరు నీళ్లు వద్దు, ఆ ఉప్పు గాడుల్లో మిగిలిపోయి చిటపటలాడుతుంది. డిస్టిల్డ్ వాటర్ 4 పాళ్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 1 పాలు కలిపి, మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడవండి. మధ్య లేబుల్ తడవకూడదు. అదే అటకలో 78 రికార్డులుంటే వాటికి ఈ నీళ్లు తగలనీయొద్దు, ఆల్కహాల్‌కి లక్క కరిగిపోతుంది. మిద్దె కింద ఎండాకాలం వేడికి రికార్డు వంగి ఉంటే ఎండలో పెట్టి సరిచేయాలని చూడకండి, ఇంకా పాడవుతుంది. రెండు చదునైన గాజు పలకల మధ్య బరువు పెట్టి కొన్ని వారాలు వదిలేయండి.

మొదటి వైపంతా ఒకే రచన, 23 నిమిషాలు దాటుతుంది. బాకాలు, బృందగానం రాక్‌తో కలిసి నడుస్తాయి, వాటి వెనక స్వరకర్త రాన్ గీసిన్ చెయ్యి ఉంది. మధ్యలో ముల్లు లేపకండి. రెండో వైపు చివర కుళాయి బొట్ల చప్పుడు. బ్రిటన్ ఎల్పీలో అది ఆఖరి గాడిలోకి చేరి, ముల్లు ఎత్తేదాకా తిరుగుతూనే ఉంటుంది. మీ కాపీలోనూ అలాగే వస్తే చెడిపోయిందనుకోకండి.

ఆ తర్వాత నేనైతే నేరుగా జర్మన్ బ్యాండు ‘క్యాన్’ వాళ్ల ‘టాగో మాగో’ (1971) వినిపిస్తాను. అందులో ‘హాలెలువా’ ఒక్కటే ఒక వైపంతా ఉంటుంది. యాకి లీబెట్సైట్ డ్రమ్స్ మీద ఒకే దరువు పట్టుకుని వదలడు. గంగ జాతరలో పలకల మోత విన్న చెవికి అది ఇట్టే పట్టుబడుతుంది. బ్యాండు గంటల తరబడి వాయించిన టేపుల్ని అందులోని బేస్ గిటారిస్టు హోల్గర్ చుకాయ్ కత్తిరించి అతికించాడు, అందుకే అంత పొడవున్నా ఎక్కడా సాగదు. దాని వెంట మరో జర్మన్ బ్యాండు ‘నోయ్’ మొదటి ఆల్బమ్ (1972).

అమెరికన్ గాయకుడు కెప్టెన్ బీఫ్‌హార్ట్ ‘ట్రౌట్ మాస్క్ రెప్లికా’ (1969) మాత్రం చివరికి దాచండి. తాళం తప్పినట్టు వినబడేదంతా నెలల తరబడి సాధన చేసి వాయించిందే, కానీ ముందే వినిపిస్తే పిల్లలు బెదిరిపోతారు. ఇవన్నీ ఫోన్లో విన్నాక, నచ్చినదాని ఎల్పీయే కొనండి. కొనేచోట రికార్డుని లైటు కింద ఏటవాలుగా పట్టి చూడండి. గోరుకి తగిలే గీత ఉంటే వద్దు, కంటికి మాత్రమే కనబడే సన్నగీతలైతే ఫరవాలేదు.