నీడలో గడ్డి బదులు సరస్వతి ఆకు

కావలిలో మామిడిచెట్టు కింద వేసిన లాన్ కుళ్ళి పాచి పట్టిందన్నారు కదండీ, ఇక అక్కడ గడ్డి జోలికి వెళ్ళకండి. దానికి ఎండ కావాలి. చెమ్మ, నీడ ఉన్నచోట సరస్వతి ఆకు హాయిగా పాకుతుంది. కణుపు నేలకు తగిలిన చోటల్లా వేరు పోసుకుంటుంది, కత్తిరించే పని లేదు. జానెడు దూరంలో పిలకలు నాటి, అవి కమ్ముకునేదాకా కలుపు తీస్తే చాలు. ఈ ఆకుతో పచ్చడి చేసుకోవచ్చు గానీ, తూములోంచి మురుగు నీళ్ళు పారేచోటైతే మాత్రం కోయకండి! బాగా చీకటిగా ఉండే గోడ వార మనీ ప్లాంట్‌ని నేలమీదే పాకించండి. నర్సరీలో పసుపు పూల వెడీలియా అంటగడితే వద్దనండి, అది పక్కింటి దొడ్డిని కూడా ఆక్రమిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ముసుర్లు కాబట్టి, నీళ్ళు నిలవకుండా ముందే నేలకు కాస్త వాలు ఇవ్వండి. నడిచే దారిలో కడప రాళ్ళు పరవండి, రోజూ తొక్కితే ఇవేవీ బతకవు.