45 వేలలో కోడింగ్ పీసీ: కొటేషన్‌లో పేరు రాయని భాగాల గురించే ముందు అడగండి

మీరు చెప్పింది ఇదీ: అమ్మాయి ఇంజనీరింగ్ రెండో ఏడాది, మానిటర్ ఇంట్లోనే ఉంది, సీపీయూకి 45 వేలు పెట్టగలరు. పని కోడింగ్, ఆండ్రాయిడ్ స్టూడియో (ఫోన్ యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్), అప్పుడప్పుడు వాలరెంట్ గేమ్. షాపువాళ్ల కొటేషన్: ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, హెచ్610 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకటి, జీటీ 730 4 జీబీ కార్డు, 256 జీబీ ఎస్ఎస్‌డీ, 1 టీబీ హార్డ్‌డిస్క్, ‘ఆర్‌జీబీ కేబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్’ (రంగు లైట్ల పెట్టె, దాంతోపాటే భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్).

ఇందులో ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు మాత్రమే మోడల్ రాశారు. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్ ఏ కంపెనీవో, ఏ మోడలో లేదు. పేరు లేని చోట ఆ రోజు షాపులో ఏది చవగ్గా ఉంటే అది పెట్టేస్తారు. కాబట్టి ప్రతి లైనుకూ కంపెనీ, మోడల్, వారంటీ ఎన్నేళ్లో రాసిమ్మని అడగండి. రాయడానికి ఇష్టపడకపోతే వేరే షాపు చూసుకోవడమే మంచిది.

12400ఎఫ్‌లో ఆ చివరి ‘ఎఫ్’ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని. బొమ్మ రావడం కోసమే జీటీ 730 తగిలించారు. అది 2014లో వచ్చిన కార్డు. ఆ తరం చిప్‌లకు ఎన్విడియా 2021 నాటికే కొత్త గేమ్ డ్రైవర్లు ఆపేసింది. 4 జీబీ అన్న అంకె పెద్దగా కనిపిస్తుంది కానీ, అంత మెమరీని వాడుకునే సత్తా ఆ చిప్‌కు లేదు. దానికి పెట్టే ప్రతి రూపాయీ వృథా.

మీ అవసరానికి ఏఎండీ కంపెనీ రైజెన్ 5 5600జి గానీ 5600జీటీ గానీ సరిపోతుంది. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు, పెట్టెలోనే కూలర్ వస్తుంది. లోపలి వేగా 7 గ్రాఫిక్స్ జీటీ 730 కంటే చాలా వేగం. తక్కువ సెట్టింగ్‌లతో 1080పీలో వాలరెంట్ 60 ఫ్రేముల పైనే నడుస్తుంది. పేరు విషయంలో మాత్రం జాగ్రత్త: ఉత్త 5600లోనూ, 5500లోనూ గ్రాఫిక్స్ లేదు. కౌంటర్ దగ్గర ‘రెండూ ఒకటేనండీ’ అంటే నమ్మకండి, పెట్టె మీద చివరి అక్షరాలు మీరే చదువుకోండి. గేమ్‌లు అక్కర్లేదనుకుంటే ఎఫ్ లేని 12400 కూడా మంచి ఎంపికే. కోడింగ్‌కు అందులోని గ్రాఫిక్స్ చాలు.

ఇక ర్యామ్. మీ కొటేషన్‌లో అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే. విండోస్, ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే నమూనా ఫోన్), పది ట్యాబ్‌ల క్రోమ్ కలిస్తే 8 జీబీ ఎటూ చాలదు. పైగా లోపలి గ్రాఫిక్స్ తన మెమరీని కూడా ఇందులోంచే తీసుకుంటుంది. 16 జీబీ కనీసం, అదీ 8 జీబీవి రెండు. డీడీఆర్4 3200 స్టిక్ ఒక్కటే పెడితే సెకనుకు 25.6 జీబీ వెళ్తుంది, రెండు పెడితే 51.2 జీబీ. విడి కార్డు ఉన్న సిస్టమ్‌లో ఈ తేడా అంతగా తెలియదు కానీ, వేగా 7కు ఉన్న దారి ఇదొక్కటే కాబట్టి ఒకే 16 జీబీ స్టిక్ పెడితే గేమ్‌లో ఫ్రేములు బాగా పడిపోతాయి.

2025 చివరి నుంచి, ఏఐ డేటా సెంటర్ల కొనుగోళ్ల వల్ల మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. అలాగని ర్యామ్ తగ్గించుకోవద్దు. జీటీ 730నీ, హార్డ్‌డిస్క్‌నీ, రంగు లైట్లనీ వదిలేయండి. పాత ర్యామ్ దొరికినా భయం లేదు, అరిగిపోయే భాగం కాదది. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ ఒక రాత్రంతా నడిపి, ఒక్క ఎర్రర్ వచ్చినా తిరిగిచ్చేయండి. పాత ఎస్‌ఎంపీఎస్, పాత ఎస్ఎస్‌డీ మాత్రం ఎంత చవకైనా వద్దు.

రైజెన్ తీసుకుంటే బోర్డు బీ550 చిప్‌సెట్‌ది, నాలుగు ర్యామ్ స్లాట్లు ఉన్నది చూడండి. తర్వాత ఇంకో 16 జీబీ కలుపుకోవచ్చు. డబ్బు చాలకపోతే ఏ520 అయినా ఈ ప్రాసెసర్‌ను హాయిగా మోస్తుంది. బోర్డు పాత స్టాక్ అయితే బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) పాతదై ప్రాసెసర్‌ను గుర్తించకపోవచ్చు, ముఖ్యంగా 2024లో వచ్చిన 5600జీటీని. బిల్లు వేసేముందే అప్‌డేట్ చేసిమ్మనండి.

ఎస్ఎస్‌డీ 500 జీబీ ఎన్‌వీఎంఈ (నేరుగా బోర్డు మీదే అమర్చే వేగమైన రకం) ఒకటి చాలు, వీలైతే టీఎల్‌సీ అనే మన్నికైన మెమరీ రకం. ఎస్ఎస్‌డీకీ గ్రాఫిక్స్ కార్డుకూ ప్రాసెసర్‌తో ఉండే దారి పేరు పీసీఐఈ; 5600జి ఎలాగూ దాని మూడో తరం, అంటే 3.0 వరకే ఇస్తుంది, కాబట్టి ‘జెన్4 స్పీడ్’ కోసం అదనంగా పెట్టక్కర్లేదు. ఇదే కారణంతో రేపు గ్రాఫిక్స్ కార్డు కొనేటప్పుడు ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి నాలుగు లేన్ల (ఆ దారిలోని వరుసలు) కార్డుల జోలికి పోవద్దు, 3.0 మీద అవి నీరసపడతాయి. ఎనిమిది లేన్ల ఆర్ఎక్స్ 6600 అయితే నయం.

ఎస్‌ఎంపీఎస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది పోయేటప్పుడు బోర్డునూ తీసుకుపోగలదు. కేబినెట్‌తో ఉచితంగా వచ్చేదాని మీద 450 వాట్లని రాసి ఉంటుంది. స్టిక్కర్ మీద +12 వోల్టుల గడిలో ఎన్ని ఆంప్స్ ఉన్నాయో చూసి 12తో గుణించండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు వాడుకునేది ఆ లైనునే. 15 ఆంప్స్ ఉంటే 180 వాట్లే. నిజంగా 450 వాట్లు ఇచ్చేదానికి 36, 37 ఆంప్స్ దాకా ఉంటాయి. వోల్టేజి పెరిగినా, షార్ట్ అయినా తనంతట తాను ఆగిపోయే రక్షణ చవకవాటిలో చాలాసార్లు ఉండదు. ఇప్పుడు మీ సిస్టమ్ వాడేది నూటయాభై వాట్లలోపే అయినా, రేపటి కార్డును కూడా లెక్కలో పెట్టుకుని పేరున్న కంపెనీది 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువన్న గుర్తు), కనీసం మూడేళ్లు, వీలైతే అయిదేళ్ల వారంటీ ఉన్నది తీసుకోండి. మూడు నాలుగు వేలు దీనికి పక్కన పెట్టాకే మిగతా లెక్క వేయండి.

కరెంటు సంగతి. 600 వీఏ యూపీఎస్ అంటే సాధారణంగా 360 వాట్లు. ఈ సిస్టమ్‌కూ మానిటర్‌కూ సేవ్ చేసుకుని ఆపేంత సమయం ఇస్తుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపితే దాని మీది స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. పూర్తి లోడు మీద మంచి ఎస్‌ఎంపీఎస్ కరెంటు లేకుండా నిలబడగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లే. నార్మల్ మోడ్‌లో ఇన్వర్టర్ అందుకోవడానికి అంతకన్నా ఎక్కువ పట్టొచ్చు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. కేబినెట్ తాకితే జివ్వుమంటే అది సాధారణంగా కంప్యూటర్ లోపం కాదు, ప్లగ్గుకు ఎర్తింగ్ లేకపోవడం. మూడో పిన్ను వదిలేసే టూపిన్ అడాప్టర్ వాడొద్దు, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ సరిచేయించండి.

కేబినెట్‌కు ముందువైపు గాజు వద్దు, జాలీ కావాలి. మే నెలలో గది 40 డిగ్రీలుంటే లోపలికి వెళ్లేదే వేడి గాలి; అద్దం అడ్డుంటే అదీ వెళ్లదు. 5600జి 95 డిగ్రీలకు చేరితే తనే వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు ‘కొత్త పీసీ మధ్యాహ్నం స్లో అవుతోంది’ అని షాపు చుట్టూ తిరగాల్సి వస్తుంది. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనుక ఒకటి బయటికి ఉంటే చాలు.

ఇంట్లో బిగించుకునేట్టయితే ముందు బోర్డు పెట్టె మీదే ప్రాసెసర్, కూలర్, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే 24 పిన్, 8 పిన్ కేబుళ్లు పెట్టి డిస్‌ప్లే వస్తుందో లేదో చూడండి. ఈ రైజెన్‌లు కూర్చునే సాకెట్ పేరు ఏఎం4; ఆ రకం ప్రాసెసర్ కింద పిన్నులుంటాయి. మూల మీది త్రిభుజం గుర్తు సాకెట్ గుర్తుతో కలిపి దించితే దానంతటదే కూర్చుంటుంది, నొక్కకూడదు. కూలర్‌కు పేస్ట్ పూసే వస్తుంది, ఇంకా పూయక్కర్లేదు. తర్వాత ఎప్పుడైనా తీయాల్సొస్తే ఒక పావుగంట సిస్టమ్ నడిపి, ఆపి, వేడి మీద మెల్లగా తిప్పుతూ తీయండి. నేరుగా లాగితే ప్రాసెసర్ కూడా దాంతో ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. ర్యామ్ ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఒకటి రెండు నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. మెమరీని సరిచూసుకుంటోంది, కంగారుపడి ఆపేయకండి.

బయోస్‌లో మూడు పనులున్నాయి. ర్యామ్‌ను దాని అసలు వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ లేదా డీఓసీపీ ఆన్ చేయండి, లేకపోతే 3200 ర్యామ్ 2400 లేదా 2666 దగ్గరే నడవొచ్చు. ఎస్‌వీఎం మోడ్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే వీలు) ఆన్ చేయండి, అది లేకపోతే ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ సరిగా నడవదు. ఎఫ్‌టీపీఎం, సెక్యూర్ బూట్ అనే రెండు భద్రతా సెట్టింగ్‌లు ఆన్‌లో ఉంచండి, విండోస్ 11లో వాలరెంట్ వాటిని అడుగుతుంది. తర్వాత టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే వేగం, ఎన్ని స్లాట్లు వాడారో కనబడుతుంది.

కొనడం సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలోనైనా, మీ ఊళ్లోనైనా, ఆన్‌లైన్‌లోనైనా, ప్రతి భాగానికీ సీరియల్ నంబరున్న జీఎస్టీ బిల్లు తీసుకోండి. ‘బిల్లు లేకుంటే 18 శాతం మిగులుతుంది’ అన్నదానికి ఒప్పుకుంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో వారంటీ అడిగేటప్పుడు చేతిలో ఆధారం ఉండదు. ప్రాసెసర్ సీలు వేసిన పెట్టెలోదే కావాలి. పెట్టె లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్‌కు షాపువాళ్ల మాటే వారంటీ. ఖాళీ పెట్టెలన్నీ అటకెక్కించండి. ఇంటికి తెచ్చిన మొదటి వారంలోనే మెమ్‌టెస్ట్86, సిస్టమ్ మీద పూర్తి భారం వేసి పరీక్షించే ఓసీసీటీ నడిపి చూసుకోండి. ఆ గడువులో పాడైతే చాలాచోట్ల కొత్తదే ఇస్తారు, దాటితే సర్వీసుకు పంపి వారాల తరబడి ఎదురుచూడాలి.