జెల్‌లో బ్యాండ్ కనిపించిన తరువాత

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మానవ యాంటీబాడీ జన్యువుల ప్రమోటర్లను, అంటే ఆ జన్యువులను పనిలోకి దించే డీఎన్ఏ భాగాలను, ఏ కేంద్రక ప్రోటీన్లు పట్టుకుంటున్నాయో జెల్ షిఫ్ట్ పద్ధతిలో (ప్రోటీన్ పట్టుకున్న డీఎన్ఏ జెల్‌లో మెల్లగా కదిలి, వేరే బ్యాండ్‌గా నిలుస్తుంది) చూడబోతున్నానని రాశావు. ప్రోబ్ మీద, అంటే లేబుల్ వేసిన డీఎన్ఏ ముక్క మీద ఎంత శ్రద్ధ పెడతావో, ప్రోటీన్ కోసం దానితో పోటీపడే లేబుల్ లేని పోటీ డీఎన్ఏల మీద అంతకంటే ఎక్కువ శ్రద్ధ పెట్టు. మొదటి జెల్ పోయకముందే అవి చేతిలో ఉండాలి.

కణ కేంద్రకాల నుంచి తీసిన ప్రోటీన్ల సారంలో, బేస్‌ల క్రమంతో నిమిత్తం లేకుండా ఏ డీఎన్ఏనైనా పట్టుకునే ప్రోటీన్లు కొల్లలుగా ఉంటాయి. వాటి నోరు మూయించడానికే పాలీ డీఐ-డీసీ అనే కృత్రిమ డీఎన్ఏను కలుపుతాం. అది తక్కువైతే ప్రోబ్ వెల్ (జెల్‌లో నమూనా పోసే గుంట) దగ్గరే మరకలా నిలిచిపోతుంది, మరీ ఎక్కువైతే అసలు బ్యాండ్ కూడా బలహీనపడుతుంది. కనుక ఇతరుల ప్రోటోకాల్‌లోని మోతాదును నమ్ముకోకుండా, సారం కొత్తగా తీసిన ప్రతిసారీ ఎంత కావాలో నువ్వే పరీక్షించి తేల్చుకో.

ఆపై లేబుల్ లేని, ప్రోబ్‌లోని అదే క్రమాన్ని జెల్‌లోని ఒక లేన్‌లో (నిలువు వరుసలో), రెండు మూడు బేస్‌లు మార్చిన క్రమాన్ని పక్క లేన్‌లో అధిక మోతాదులో కలుపు. మొదటిది బ్యాండ్‌ను చెరిపివేసి, రెండోది చెరపకుండా ఉంటేనే ఆ బంధం క్రమాన్ని ఎంచుకున్నదని చెప్పగలవు.

నువ్వు ఎంచుకున్న ఆక్టమర్ విషయంలో చిక్కు ఇంకా లోతైనది. యాంటీబాడీలోని పెద్ద గొలుసైన భారశృంఖల జన్యువుల ప్రమోటర్లలో ఏటీజీసీఏఏఏటీగా, చిన్న గొలుసైన లఘుశృంఖల జన్యువుల ప్రమోటర్లలో తలకిందులై ఏటీటీటీజీసీఏటీగా కనిపించే ఈ ఎనిమిది బేస్‌లను పట్టుకునే ప్రోటీన్‌ను 1986లో బాల్టిమోర్, షార్ప్ బృందాలు కలిసి వర్ణించినప్పుడు, అది యాంటీబాడీలు తయారుచేసే బి కణాల్లోనే కాక, గర్భాశయ ముఖ క్యాన్సర్ నుంచి వచ్చిన హీలా కణాల్లోనూ కనిపించింది. యాంటీబాడీని ఎన్నడూ తయారుచేయని కణాల్లో దానికేం పని? దాదాపు అన్ని కణాల్లోనూ ఉండే ఆక్ట్-1, ప్రధానంగా బి కణాల్లో ఉండే ఆక్ట్-2 రెండూ అదే స్థానాన్ని పట్టుకుంటాయని తరువాత తేలింది. అంతటితోనూ కథ ముగియలేదు. వీటితో జతకట్టే ఓసీఏ-బి అనే సహాయక ప్రోటీన్ బి కణాల ప్రత్యేకతకు మరో కారణమని 1990లలో తెలిసింది. కాబట్టి బి కణాల సారం పక్కన హీలా సారాన్ని తప్పనిసరిగా నడుపు. పెద్దదైన ఆక్ట్-1 బ్యాండ్ పైన, ఆక్ట్-2 బ్యాండ్ దాని కింద వస్తాయి. ఏది ఏదో, ఒక్కోదాన్నే పట్టుకునే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) కలిపి నిర్ధారించుకో. బంధం ఉన్నంత మాత్రాన జన్యువు పనిచేస్తున్నదని మాత్రం రాయకు. ఇది గొట్టంలో జరిగిన సంగతి. కణంలో డీఎన్ఏ ప్రోటీన్లతో కలిసి ఉండే క్రోమాటిన్ మీద ఏం జరుగుతున్నదో చిప్ (క్రోమాటిన్ ఇమ్యునోప్రెసిపిటేషన్) పద్ధతి చెప్పాలి.

సారం తీసే పని మొదటినుంచి చివరిదాకా చల్లగదిలోనే, ప్రోటీన్లను తెగ్గొట్టే ఎంజైములను ఆపే ప్రోటీయేజ్ నిరోధకాలతో చెయ్యి. ఆక్ట్-2 కొంత తెగిపోతే ఆ ముక్క వేరే బ్యాండ్‌గా కనిపించి, కొత్త ప్రోటీన్ దొరికిందన్న భ్రమ కలిగిస్తుంది. ప్రోబ్‌కు లేబుల్‌గా వాడే రేడియోధార్మిక ఫాస్ఫరస్-32 అర్ధాయువు సుమారు 14 రోజులే కనుక, సారం సిద్ధమయ్యాకే తెప్పించుకో.

జెల్ బొమ్మను నాకు పంపేటప్పుడు అడుగున ఉండే, ఏ ప్రోటీన్ పట్టని స్వేచ్ఛా ప్రోబ్ కూడా కనిపించేలా, కత్తిరించకుండా పంపు. ఏ లేన్‌లోనైనా అది పూర్తిగా ఖర్చయిపోయి ఉంటే, ఆ జెల్ మీద పోటీ ఫలితాలను పోల్చి ప్రయోజనం లేదు.