బ్యాటరీ స్ప్రేయర్‌ను మోటారు షెడ్డులో చార్జింగ్ పెట్టొచ్చా?

అన్నా, మీరు అడిగింది ఇది: పత్తి చేనుకు మందు కొట్టడానికి 12 వోల్టుల బ్యాటరీ స్ప్రేయర్ తెచ్చారు, బోరు దగ్గర మోటారు షెడ్డులోనే చార్జింగ్ పెట్టొచ్చా, బ్యాటరీదే కాబట్టి షాక్ భయం లేనట్టేనా అని. మీ తమ్ముడు కొన్న బ్యాటరీ గ్రైండర్ గురించి కూడా అడిగారు. మాది దేవరకొండ వైపు మోటారు వైండింగ్ షాపు. పత్తి కాలం వస్తే స్ప్రేయర్లు కూడా రిపేరుకు మా దగ్గరికే వస్తాయి. అక్కడ చూసినదాన్ని బట్టి రాస్తున్నాను.

వీపు మీద ఉన్నప్పుడు ఆ 12 వోల్టులు షాక్ కొట్టవు. ప్రమాదమంతా చార్జింగ్ పెట్టే చోట ఉంది. చార్జర్‌కు వచ్చేది 230 వోల్టులే. మందు కొట్టి వచ్చిన మనిషి చేతులు తడిగా ఉంటాయి, కాళ్లకు చెప్పులుండవు, నిలబడేది బురదలో. అలాగే ప్లగ్గు పట్టుకుంటాడు. అందుకే మోటారు షెడ్డులో వద్దు. ట్యాంకు కడిగి, చార్జింగ్ పిన్ను పెట్టే చోటు పొడిబట్టతో తుడిచి, ఇంటికి తెచ్చి పెట్టండి.

షెడ్డు విషయంలో ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మోటారుకు మూడు ఫేజులు (కరెంటు వచ్చే వైర్లు) చాలు, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) అక్కర్లేదు. అందుకని చాలా షెడ్లలో బల్బుకో ఫోన్ చార్జింగ్‌కో ఒక ఫేజు తీసుకుని, న్యూట్రల్ బదులు రెండో వైరును భూమిలో దిగ్గొట్టిన ఇనుప రాడ్డుకు చుడతారు. బల్బు వెలుగుతుంది కాబట్టి అంతా బాగుందనుకుంటారు. ఎండాకాలం రాడ్డు చుట్టూ మట్టి ఎండిపోయిందంటే కరెంటు భూమిలోకి సరిగా దిగదు. అప్పుడు ఆ రాడ్డును ముట్టుకోవడం ఫేజు వైరును ముట్టుకోవడం లాంటిదే. మనిషికైనా, పక్కన కట్టేసిన బర్రెకైనా.

ఒక రైతు స్టార్టర్ డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోందని మోటారు పైకి తీయించి మా షాపుకు తెచ్చాడు. మెగ్గర్ (వైండింగ్‌లో కరెంటు లీకుందో లేదో చూసే మీటరు) పెట్టి చూస్తే వైండింగ్ చక్కగా ఉంది. షెడ్డుకు వెళ్లి చూశాను. బల్బు రెండో వైరు, డబ్బా ఎర్త్ వైరు రెండూ ఒకే రాడ్డుకు చుట్టి ఉన్నాయి. హోల్డర్‌లోంచి బల్బు తీయగానే డబ్బాలో కరెంటు పోయింది. మోటారు తీయించిన ఖర్చంతా ఆయనకు దండగ. ప్రాణం పోలేదు, అదే పెద్ద అదృష్టం. మీ షెడ్డులో ఇలా ఉంటే చార్జింగ్ మాట తర్వాత, ముందు ఆ బల్బు కనెక్షన్ తీయించండి. డబ్బాకు బొగ్గు, ఉప్పు వేసి సరైన ఎర్త్ గుంత తీయించి, అక్కడ తడి ఆరకుండా చూసుకోండి.

ఇంట్లో ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) ఉంది కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. 6 ఆంపియర్ల ఎంసీబీ వైర్లు కాలకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. ఒంట్లోంచి 100 మిల్లీఆంపియర్లు పోయినా గుండె ఆగొచ్చు, అంత చిన్న కరెంటుకు అది కదలదు. మనిషి కోసం పెట్టేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్. ఇంటి మెయిన్ దగ్గర అది తప్పకుండా పెట్టించండి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే మార్చేయాల్సిందే. ప్లగ్గు ఊడిపోయిందని వైరు కొసలు సాకెట్లో పెట్టి అగ్గిపుల్లలు గుచ్చే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి, పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

ఇక బ్యాటరీ సంగతి. స్ప్రేయర్‌లో పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ పోతే ఇప్పుడు లిథియం ప్యాక్ వేయించుకుంటున్నారు, చార్జర్ మాత్రం పాతదే వాడుతున్నారు. లెడ్ యాసిడ్ చార్జర్ 14 వోల్టుల పైదాకా ఎక్కిస్తుంది. మూడు సెల్స్ వరుసగా ఉన్న లిథియం ప్యాక్ 12.6 వోల్టుల దగ్గరే ఆగాలి. లోపలున్న చిన్న సర్క్యూట్ బాగుంటే ఆపుతుంది, అది చెడిపోతే ప్యాక్ ఉబ్బి అంటుకుంటుంది. పిన్ను పట్టింది కదా అని ఏదో ఒక చార్జర్ పెట్టకూడదు. ఉబ్బిన ప్యాక్‌ను పొడిచి చూడొద్దు, మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు. ఇంటికి దూరంగా ఇసుక మీద పెట్టి, ఆ తర్వాత బ్యాటరీల షాపుకు ఇచ్చేయండి.

లెడ్ యాసిడ్ అయితే చార్జింగ్‌లో హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, పొయ్యి ఉన్న గదిలోనో తలుపులన్నీ మూసిన గదిలోనో పెట్టొద్దు. బ్యాటరీ మారుస్తుంటే చేతి ఉంగరం తీసేయండి. షాక్ కొట్టని ఆ 12 వోల్టులే రెండు టెర్మినళ్ల మధ్య ఉంగరమో పానానో పడితే ఎర్రగా కాలుస్తాయి. పత్తి అయిపోయాక స్ప్రేయర్‌ను ఖాళీ బ్యాటరీతో మూలన పడేయకుండా, ఫుల్ చార్జ్ చేసి దాచి, నెలకోసారి కాస్త ఎక్కిస్తే వచ్చే ఏడాది కూడా పనిచేస్తుంది.

మీ తమ్ముడి గ్రైండర్‌కు వైరు లేదు కాబట్టి షాక్ భయం తక్కువే, కానీ డిస్క్ భయం తగ్గలేదు. నాలుగు అంగుళాల డిస్క్ నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. పగిలిన ముక్క అదే వేగంతో వస్తుంది. గార్డు తీసేసి వాడొద్దు, కళ్లద్దాలు లేకుండా పట్టొద్దు, మెడలో తువ్వాల ఉంచుకోవద్దు. డిస్క్ మార్చే ముందు బ్యాటరీ ఊడదీయాలి, స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు. కట్టె కోసే పళ్ల బ్లేడు దానికి ఎక్కించనే వద్దు, అది పట్టేసిందంటే మిషన్ చేతిలో నిలవదు. పని చేసి వేడెక్కిన బ్యాటరీని వెంటనే చార్జింగ్ పెట్టకుండా చల్లారనివ్వాలి. 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం చార్జింగ్ మంచిది కాదు, మే నెలలో మన రేకుల షెడ్డు లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఎవరికైనా షాక్ కొడితే చేత్తో పట్టి లాగొద్దు. ముందు మెయిన్ ఆపండి. ఆపడం కుదరకపోతే పొడి కట్టెతో వైరును తప్పించండి. ఎలాగైనా 108కి ఫోన్ చేయండి. కరెంటు స్తంభం వైరు తెగి పడితే మాత్రం దగ్గరికే పోకుండా కరెంటోళ్ల ఫిర్యాదు నంబరు 1912కి చెప్పండి.

మీ చార్జర్ వెనక స్టిక్కర్ మీద ఔట్‌పుట్ ఎన్ని వోల్టులని ఉందో, స్ప్రేయర్ బ్యాటరీ మీద ఏం రాసి ఉందో ఇక్కడ రాయండి. రెండూ జత కుదురుతాయో లేదో చెబుతాను.