సొంత ఊహతో హాట్ రాడ్, షో కారు మోడళ్లు చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్లాస్టిక్ మోడల్ కిట్ డబ్బాలోని సూచనల ప్రకారం కార్లను శుభ్రంగా అతికించడం వచ్చిందనీ, సొంతంగా ఒక హాట్ రాడ్‌ను, అంటే వేగం కోసం మార్పులు చేసిన పాత కారును, ఊహించి చేయాలనుకుంటే మాత్రం దేన్ని మార్చాలో తోచడం లేదనీ మీరు రాశారు. పైకప్పును కోసి దించడం, లోతుగా మెరిసే క్యాండీ రంగు వేయడం ఎలాగో కూడా అడిగారు. విశాఖపట్నంలో ఉంటూ చాలా ఏళ్లుగా 1:25, 1:24 కొలతల్లో (అసలు కారులో 25వ, 24వ వంతు) ఇటువంటి మోడళ్లు చేస్తున్నాను కనుక, నా చేతికి తెలిసినంత వరకు చెబుతాను. కత్తి పట్టుకోవడానికి ముందే ఆ కారు ఏ పని కోసం పుట్టిందో తేల్చుకోవాలి. అది తేలితే ఏం మార్చాలన్న ప్రశ్నకు సగం సమాధానం దొరికినట్లే.

అసలు హాట్ రాడ్ ఆకారంలో ప్రతి మార్పు వెనుకా ఒక కారణం ఉంది. 1930లలో దక్షిణ కాలిఫోర్నియా యువకులు మ్యూరాక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిపోయిన సరస్సుల నేల మీద పాత ఫోర్డ్ కార్లతో వేగం కోసం పోటీపడేవారు. బరువు తగ్గాలని మడ్‌గార్డులు ఊడదీశారు, ఎదురుగాలి తక్కువ తగలాలని కిటికీల స్తంభాలను కోసి పైకప్పును దించారు, బాడీని ఛాసిస్ (కారు కింది చట్రం) పట్టాల మీదుగా ఇంకా కిందికి జార్చి బిగించారు. 1932లో ఫోర్డ్ సంస్థ సామాన్యులు కొనగలిగిన ధరలో వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ఉన్న కారును తేవడంతో, ఆ సంవత్సరపు మోడల్ ఈ కళకు మూలరూపంగా నిలిచిపోయింది. వెనుక పెద్ద టైర్లు, ముందు చిన్న టైర్లు, ఆ రెండింటి వల్ల నేలకు వాలిన ముక్కు, ఇవన్నీ పందెం అవసరాల నుంచి వచ్చినవే. ఈ కారణాలు తెలిసిన వ్యక్తి చేసిన మోడల్‌ను చూస్తే, ఎంత విచిత్రంగా ఉన్నా, అది నడుస్తుందన్న నమ్మకం కలుగుతుంది. తెలియకుండా చేసినది విడిభాగాలు అతికించిన బొమ్మగా మిగులుతుంది.

ప్రదర్శన కోసమే చేసే షో కార్ల దగ్గరికి వచ్చేసరికి పందెం వెనక్కి వెళ్లి, చూపరుల ఆశ్చర్యమే కారుకు పని అయింది. ఈ దారిలో అందరికంటే ధైర్యంగా నడిచినవాడు అమెరికన్ కార్ల రూపకర్త ఎడ్ రాత్. ప్లాస్టర్‌తో ఆకారం చేసి, దానిపై ఫైబర్‌గ్లాస్ పొరలు పరిచి, లోపలి ప్లాస్టర్‌ను పగలగొట్టి తీసేసి అతను కార్ల బాడీలు తయారుచేశాడు. అతని బీట్నిక్ బ్యాండిట్ అనే కారుకు పైకప్పు బదులు పారదర్శకమైన బుడగ, స్టీరింగ్ చక్రం బదులు ఒకే ఒక కర్ర ఉంటాయి. మోడల్ కిట్లు చేసే రెవెల్ సంస్థ ఆ కారును కిట్‌గా అమ్మడం వల్ల, దాన్ని ఎన్నడూ కళ్లారా చూడని పిల్లల ఇళ్లలోకి కూడా అది చేరింది.

అయినా మీ ప్రశ్నకు ఎక్కువగా పనికివచ్చే ఉదాహరణ టామ్ డేనియల్ రూపొందించిన రెడ్ బారన్ అని నేను భావిస్తాను. ఎర్ర విమానం నడిపిన మొదటి ప్రపంచయుద్ధపు జర్మన్ పైలట్ మారుపేరే దాని పేరు. జనరల్ మోటార్స్ డిజైన్ విభాగంలో పనిచేసి వచ్చిన ఆయన, 1960ల చివరలో మోనోగ్రామ్ అనే కిట్ల సంస్థ కోసం ఈ కారును కాగితం మీద గీశారు. మొదటి ప్రపంచయుద్ధ కాలపు జర్మన్ సైనికుడి శిరస్త్రాణమే ఆ కారుకు పైకప్పు. ఆ ఒక్క ఆలోచన స్థిరపడగానే విమానపు ఇంజిన్, మెషిన్ గన్లు, ఎరుపు రంగు, ఇనుప శిలువ గుర్తులు అన్నీ ఒకదాని వెంట ఒకటిగా వాటి స్థానాల్లోకి వచ్చి చేరాయి. కిట్ మార్కెట్లోకి వచ్చిన తరువాతే డెట్రాయిట్‌లో చక్ మిల్లర్ అనే కార్ల నిర్మాత దాన్ని నిజమైన కారుగా నిర్మించారు. అరచేతిలో ఇమిడే మోడల్ ముందు పుట్టి, అసలు కారు దాన్ని అనుకరించింది! మన హైదరాబాదులో, బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో కె. సుధాకర్ వస్తువుల ఆకారంలో నిర్మించిన వాహనాలను చూసినా ఇదే సూత్రం కనిపిస్తుంది. బంతి అంటే బంతే, అందులో ఇంకొకటి కలపరు.

నేను ఇష్టంగా చేసుకున్న మోడల్ ఒకదాని ఆలోచన ఎలా పెరిగిందో చెబితే ఇది స్పష్టపడవచ్చు. ఒకప్పుడు మన ఊళ్లలో తిరిగిన జట్కా బండిని 1932 ఫోర్డ్ ఛాసిస్ మీద ఊహించాను. గుర్రం ఉండవలసిన చోట ఇంజిన్ ఉండాలన్నది మూల ఆలోచన. అది నిశ్చయమయ్యాక, గుర్రానికి ఇరువైపులా సాగే పొడవాటి కర్రలు పొగగొట్టాలుగా మారాయి; వెనుక చక్రాలు ఆకులు కనిపించేలా సన్నగా, ఎత్తుగా అయ్యాయి; ప్రయాణికులు కూర్చునే చోటు వంపు తిరిగిన కప్పు కింద వెనక్కి జరిగింది. కప్పు కోసం పలుచని స్టైరీన్ (మోడళ్లకు వాడే ప్లాస్టిక్) పలకను వేడినీటిలో మెత్తబరచి, గుండ్రటి సీసా మీద వంచాను. కుచ్చులు, గుర్రపు జూలు, తలుపు మీద బొమ్మలు పెట్టాలన్న కోరిక కలిగినా వాటిని చేర్చలేదు, ఎందుకంటే ఇంజినే గుర్రమని చూసేవారికి తమంతట తాముగా తట్టాలి. అలంకారం పెరిగితే ఆ తట్టడం ఆలస్యమవుతుంది.

ఆలోచన కుదిరాక మీరు చేయవలసిన మొదటి పని భంగిమను నిర్ణయించడం. ఛాసిస్, బాడీ, చక్రాలు, ఇంజిన్‌లను జిగురు లేకుండా, పోస్టర్లు అంటించే మెత్తని బంకతో తాత్కాలికంగా నిలబెట్టండి. మోడల్‌ను పై నుంచి చూడకుండా, కళ్ల ఎత్తున పెట్టి పక్కనుంచి ఫోటో తీసి చూడండి. ముక్కు ఎంత వాలాలి, వెనుక చక్రం బాడీలోకి ఎంత చొచ్చుకుపోవాలి అన్నవి ఆ ఫోటోలోనే తెలుస్తాయి. ఈ దశలో నేను రోజుల తరబడి ఆగుతాను, ఎందుకంటే ఒక మిల్లీమీటరు తేడాతోనే కారు స్వభావం మారిపోతుంది.

పైకప్పు కోతలో 1:25 కొలత మనకు గొప్ప సౌకర్యం ఇస్తుంది: నిజమైన కారులో ఒక అంగుళం మోడల్‌లో దాదాపు ఒక మిల్లీమీటరు. కాబట్టి నాలుగు అంగుళాల కోత కావాలంటే నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున కత్తిరించిన మాస్కింగ్ టేపును స్తంభాల చుట్టూ సమంగా అంటించి, దాని రెండు అంచుల వెంట సన్నని పళ్ల రంపంతో కోయాలి. వెనుక వెడల్పు భాగాలను ముందు కోసి, సున్నితమైన ముందు స్తంభాలను చివరకు ఉంచండి. 1932 ఫోర్డ్ కూపేలో (రెండు తలుపుల కారు) స్తంభాలు ఇంచుమించు నిటారుగా ఉంటాయి కనుక దించిన కప్పు దాదాపు అదే స్థానంలో కూర్చుంటుంది. 1949 మెర్క్యురీ వంటి కారులో స్తంభాలు లోపలికి వాలి ఉంటాయి. కప్పు కిందికి దిగేకొద్దీ కింది భాగం కంటే చిన్నదైపోతుంది. అప్పుడు కప్పును అడ్డంగా కోసి మధ్యలో స్టైరీన్ పట్టీ చేర్చి పొడిగించాలి, లేదా స్తంభాలను మరింత వాల్చాలి. అతుకులకు లోపలివైపు ప్లాస్టిక్ ముక్కల ఆసరా ఇచ్చి, పైన పుట్టీ పెట్టి, 400 నంబరు ఎమెరీ పేపర్‌తో మొదలుపెట్టి క్రమంగా నున్నబరచండి. కిట్‌లో వచ్చిన అద్దాలు ఇక సరిపోవు. పారదర్శకమైన పలుచని ప్లాస్టిక్ నుంచి కొత్తవి కత్తిరించి తెల్ల జిగురుతో అతికించండి. సూపర్ గ్లూ ఆవిరి అద్దాన్ని మసకబారుస్తుంది.

క్యాండీ రంగు విషయంలో తొందర అసలు పనికిరాదు. కార్లకు రంగులు వేసే జో బైలాన్ పేరు తెచ్చిన క్యాండీ యాపిల్ ఎరుపులోని లోతు మూడు అంచెల నుంచి వస్తుంది: అడుగున వెండి లేదా బంగారు మెటాలిక్, దానిపై వెలుతురు దూరిపోయే పారదర్శకమైన రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోటు. మధ్య పొర ఎన్నిసార్లు వేస్తే రంగు అంత ముదురుతుంది. అందువల్ల బాడీ, తలుపులు, బానెట్ అన్నిటినీ ఒకే సమయంలో, సమానమైన పూతలతో వేయకపోతే ఛాయలు కలవవు. మా తీరప్రాంతంలో వానాకాలపు తేమకు లాకర్ (లక్క) జాతి రంగులు తెల్లబారిపోతాయి కనుక నేను ఈ పనిని పొడి గాలి వీచే శీతాకాలానికి ఉంచుకుంటాను. నిజమైన కార్లకు వాడే మెరుపు రేకులు ఈ కొలతలో గులకరాళ్లలా కనిపిస్తాయి. వాటికి బదులు మెత్తటి మైకా పొడి గానీ, సన్నని మెరుపున్న గోళ్ల రంగు గానీ చక్కగా పనిచేస్తుంది. గోళ్ల రంగులోని ద్రావకం ప్లాస్టిక్‌ను కొరికేస్తుంది కాబట్టి కింద మంచి ప్రైమర్ పూత ఉండి తీరాలి. ఏ మిశ్రమాన్నైనా ముందుగా ప్లాస్టిక్ చెంచాల వీపు మీద వేసి చూడండి. వాటి వంపు మీద వెలుతురు పడే తీరు బాడీ మీద పడే తీరుకు దగ్గరగా ఉంటుంది.

మొదటి ప్రయత్నానికి 1932 ఫోర్డ్ కూపే కిట్‌నే తీసుకోమని నా సలహా. రెవెల్, ఏఎంటీ రెండూ దాన్ని 1:25లో తెచ్చాయి. కొన్ని కిట్లలో అదనపు చక్రాలు, ఇంజిన్ భాగాలు కూడా ఉంటాయి. వాడకుండా మిగిలినవాటిని పారేయకుండా ఒక డబ్బాలో వర్గాలుగా వేసి ఉంచండి, తరువాతి కారుకు కావలసినది చాలాసార్లు అందులోనే దొరుకుతుంది. మీ ఆలోచనను పక్కనుంచి గీసిన చిత్రంగా ఇక్కడ పెడితే, ఏ స్తంభాన్ని ఎక్కడ కోయాలో, ఛాసిస్‌ను ఎంత దించాలో గుర్తులు పెట్టి చెప్పగలను.