బెంగళూరులో గృహహింసపై పనిచేసే 'విమోచన' ఎలా మొదలైంది?

విమోచన 1979లో మొదలైంది. అప్పటికి గృహహింస అనే మాటే చట్టంలో లేదు. భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వాన్ని నేరంగా చేసిన 498ఏ సెక్షన్ వచ్చింది 1983లో, గృహహింస చట్టం 2005లో. డోనా ఫెర్నాండెజ్ లాంటివాళ్లు వ్యవస్థాపకులు.

నా దృష్టిలో వీళ్ల అసలు పని 1990లలో విక్టోరియా ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో జరిగింది. కొత్తగా పెళ్లయిన అమ్మాయిలు ఒళ్లంతా కాలి వచ్చేవాళ్లు. కాగితాల మీద మాత్రం 'స్టవ్ పేలింది' అని ఉండేది. మన ఊళ్లలోనూ ఈ మాట విననివాళ్లుండరు. స్టవ్‌లన్నీ కోడళ్ల చేతుల్లోనే ఎందుకు పేలుతున్నాయి? విమోచనవాళ్లు మంచం పక్కన కూర్చుని అసలేం జరిగిందని అడిగారు, పోలీసులు ప్రమాదమని మూసేసిన కేసుల వెంటపడ్డారు. ఇల్లు వదిలి వచ్చినవాళ్లకు ఆసరాగా 'అంగళ' అనే కేంద్రం నడిపారు. కన్నడలో అంగళ అంటే మన వాకిలి లాంటిదే.

సాయం అడగడానికి భాష రాదని ఆగకండి. పెళ్లయి బెంగళూరు వచ్చిన మన తెలుగమ్మాయిలు కన్నడం రాక, పుట్టింట్లో చెప్పుకోలేక లోలోపలే టెన్షన్ పడుతుంటారు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. గృహహింస చట్టం కింద మీ తరఫున పక్కింటివాళ్లయినా రక్షణాధికారికి (ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) చెప్పొచ్చు.