ఊరి అంచుల దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. మన విజయనగరం నగరపాలక సంస్థ వార్షిక ప్రగతి నివేదిక, దానితోపాటు వచ్చే ఏడాది ప్రణాళిక ముసాయిదా తయారుచేసే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పట్టణ ప్రణాళిక విభాగంలో అడుగుపెట్టిన కొత్తలోనే ఇంత పెద్ద పని వచ్చిందని కంగారు పడుతున్నావట. కంగారు వద్దు. ఉద్యోగమంతా ఉత్తరాంధ్ర మునిసిపాలిటీల్లోనే చేశాను కాబట్టి నాకు తెలిసినది రాస్తున్నాను. కాస్త తీరిక చేసుకుని చదువు.

మన కార్యాలయాల్లో ప్రగతి నివేదిక అనగానే ఎన్ని కోట్లు ఖర్చయ్యాయి, ఎన్ని కిలోమీటర్ల సిమెంటు రోడ్లు పడ్డాయి అన్న పట్టికతో మొదలవుతుంది. ఆ పట్టిక ఉండాలి, ఆడిట్‌కు కావాలి. కానీ అది ఖర్చుల లెక్కే తప్ప ఊరి లెక్క కాదు. ఈ ఏడాదిలో ఊరు ఏ దిక్కుకు ఎంత జరిగింది, మన రోడ్డు, కాలువ, కుళాయి దానికి ముందు నడుస్తున్నాయా, వెనక పరిగెడుతున్నాయా? నీ నివేదిక చదివినవాళ్లకు ముందుగా తెలియాల్సింది ఇది. అందుకే కంప్యూటర్ ముందు కూర్చునే లోపు ఊరి అంచులకు వెళ్లు. గంటస్తంభం దగ్గరో, మూడు లాంతర్ల దగ్గరో నిలబడితే ఊరు పెరిగిన సంగతి తెలియదు. అక్కడ రద్దీ పెరుగుతుంది, అంతే. నెల్లిమర్ల రోడ్డు, గజపతినగరం రోడ్డు, కొత్తవలస వైపు, డెంకాడ వైపు ఆఖరి వీధిదీపం దాటి ముందుకు నడువు. నిరుడు చోడి (రాగి) పండిన చేలో ఈ ఏడాది హద్దురాళ్లు కనిపిస్తే మ్యాపు మీద చుక్క పెట్టు. పునాదులు లేచిన చోట ఇంకో రంగు, కాపురాలు ఉన్న చోట మరో రంగు. మొదటి పేజీలో వెయ్యాల్సింది ఆ మ్యాపు.

తర్వాత జనాభా. మన దగ్గరున్న జనగణన అంకె 2011 నాటిది. అప్పటికి నగరంలో సుమారు 2.28 లక్షల మంది. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. రాబోయే దానికి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఈలోగా పాత అంకెను ఏటా ఇంత శాతం చొప్పున పెంచుకుంటూ పోయి ‘అంచనా జనాభా’ అని వేసేయడం అలవాటైపోయింది. ఆ అంకె ఊరంతటికీ కలిపి ఒక్కటే. 50 డివిజన్లలో ఎక్కడ పెరిగారో, ఎక్కడ తగ్గారో దానివల్ల తెలియదు. దానికి బదులు నాలుగు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టుకో: ప్లాన్ అనుమతులు, ఆస్తి పన్ను అసెస్‌మెంట్లు, కుళాయి కనెక్షన్లు, ఇళ్ల కరెంటు మీటర్లు. డివిజన్ల వారీగా సరిపోల్చు. మీటర్లు ఎక్కువై అసెస్‌మెంట్లు తక్కువగా ఉంటే అక్కడ పన్ను పడని ఇళ్లు ఉన్నట్టు. అసెస్‌మెంట్లు ఉండి కుళాయిలు లేకపోతే అక్కడివాళ్లు బోర్ల మీదో, ట్యాంకర్ల మీదో బతుకుతున్నట్టు. అనుమతులు తక్కువ, మిగతా మూడూ ఎక్కువ అయితే అది మన విభాగం సమాధానం చెప్పాల్సిన చోటు. 2019 అక్టోబరులో వార్డు సచివాలయాలు వచ్చాక ఈ వివరాలు తెప్పించుకోవడం మా రోజులకన్నా చాలా సులువైంది. ప్లానింగ్ కార్యదర్శిని, వసతుల కార్యదర్శిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టు. ఒకరి లెక్క ఒకరు చూసుకుంటేనే తేడాలు బయటపడతాయి.

ఆస్తి పన్ను దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. 2021 ఏప్రిల్ నుంచి పన్నును ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు, పెంపు ఏడాదికి 15 శాతం దాటకుండా పరిమితి పెట్టారు. కాబట్టి ఒక్క కొత్త ఇల్లు లేవకపోయినా రాబడి పెరుగుతుంది. పాత ఇళ్ల మీద పెరిగిన పన్ను వేరుగా, కొత్తగా లెక్కలోకి వచ్చిన ఇళ్ల పన్ను వేరుగా చూపించు. రెండూ కలిపేసి ‘రాబడిలో గణనీయ ప్రగతి’ అని రాయకు. ఆ మాట చదివిన పెద్దలు ఊరికి డబ్బు దండిగా ఉందనుకుంటారు, మర్నాడు నువ్వు కల్వర్టుకు నిధులు అడిగితే ఎందుకని ప్రశ్నిస్తారు.

ఇక నీళ్లు పోయే దారి. దీని మీద నువ్వు ఎంత సమయం పెట్టినా వృథా కాదు. మన ఊరిని కట్టినవాళ్లు నీటిని చూసుకునే కట్టారు. 1713లో కోట లేచింది, దాని దాపున పెద్దచెరువు, ఊళ్లో అయ్యకోనేరు, బుచ్చన్న కోనేరు. చుట్టుపక్కల పల్లెల్లో ప్రతి చెరువుకూ ఒక గెడ్డ, అంటే వాగు, నీళ్లు తెస్తుంది, నిండితే మదుము (తూము) నుంచో, అలుగు మీదుగానో కింది చెరువుకు పోతాయి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం తెగినా ఆ నీళ్లు ఎవరో ఒకరి ఇంట్లోకి వస్తాయి. ఇప్పుడు లేఅవుట్ వేసేవాళ్లు చేసే పని ఏమిటో చూడు. చేల మధ్య పది అడుగుల గెడ్డ పారుతుంటుంది. దాని మీదుగా రోడ్డు వేసి కింద రెండడుగుల సిమెంటు తూము ఒకటి పడేస్తారు. ఎండాకాలంలో చూస్తే అంతా చక్కగా ఉంటుంది. ప్లాట్లు అమ్ముడైపోతాయి. అక్టోబరులో వాన పడ్డాక ఆ తూము దగ్గరికి వెళ్లి చూడు: ఎగువ పక్క కంప, ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి మట్టలు అడ్డం పడి నీళ్లు సుడి తిరుగుతూ నిలబడతాయి, దిగువ పక్క సన్నటి ధార. ఎగువనున్న ఇళ్ల గోడల మీద మట్టి గీత పడి ఉంటుంది. ఆ గీత నేల నుంచి ఎంత ఎత్తుందో టేపు పెట్టి కొలిచి రాసుకో. పక్కన కిరాణా కొట్టు ఉంటే ఆయన్ని అడుగు, బియ్యం బస్తాలు ఏ మెట్టు మీదకు ఎత్తుకున్నాడో చెబుతాడు. ఇంజినీరింగ్ విభాగం వారి ముందు ఈ కొలతలు పెడితే కాదనలేరు.

కార్యాలయంలో చెయ్యాల్సిన పని కూడా ఉంది. గ్రామ నక్షా, సర్వే విభాగం దగ్గరుండే పొలాల కొలతల పుస్తకం (ఎఫ్ఎంబీ) తెప్పించి గెడ్డలు, చెరువు గర్భాలు, గట్లు నీలం సిరాతో గీయించు. దాని మీద ఇప్పటి లేఅవుట్లు వెయ్యి. 2017 భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులూ కుంటలైతే 9 మీటర్లు ఏ కట్టడమూ లేకుండా వదలాలి. ఈ దూరాలు కాగితం మీద ఉంటే చాలదు, నేల మీద రాళ్లు పాతించాలి. రాయి లేని హద్దును ఎవరూ లెక్కచెయ్యరు. వచ్చే ఏడాది ప్రణాళికలో నువ్వు ఒకే ఒక్క అంశం పట్టుబట్టి పెట్టించగలిగితే, అది హద్దురాళ్లే కావాలని నా కోరిక. ఖర్చు కొంచెమే, ఆదా చేసేది మాత్రం కోట్లలో ఉంటుంది.

లేఅవుట్లలో వదిలే పది శాతం ఖాళీ స్థలం సంగతీ ఇంతే. ఆ స్థలాన్ని మునిసిపాలిటీకి రాసిచ్చే గిఫ్టు డీడు రిజిస్టర్ అయిందని ఫైలు మూసేస్తారు. నేను పనిచేసిన ఒక ఊళ్లో అలా వచ్చిన పార్కు స్థలాన్ని ఆస్తుల రిజిస్టర్‌లో ఎక్కించనే లేదు. కొన్నేళ్లకు అక్కడ మూడు ఇళ్లు లేచాయి, అందరి దగ్గరా కాగితాలున్నాయి. పార్కు మాత్రం లేదు. అందుకని డీడు అందిన వెంటనే కంచె, బోర్డు, రిజిస్టర్‌లో నంబరు, ఈ మూడూ జరగాలి. ఈ ఏడాది సంస్థకు దఖలైన స్థలాలెన్ని, వాటిలో కంచె పడ్డవెన్ని అని రెండు అంకెలు నివేదికలో వెయ్యి. ఎవరూ అడగరు, అయినా వెయ్యి.

తాగునీటి విషయంలో సగటుకు మోసపోవద్దు. మనిషికి రోజుకు 135 లీటర్లు అన్న ప్రమాణం ఉంది. మొత్తం సరఫరాను జనాభాతో భాగిస్తే ఎంతో కొంత వస్తుంది. కానీ గొట్టం మొదట్లో ఉన్న ఇంటికీ చివరనున్న ఇంటికీ పొంతన ఉండదు. పొద్దున్నే చివరి వీధిలో ఆఖరి కుళాయి దగ్గర నిలబడి ఒక బిందె నిండడానికి ఎంతసేపు పట్టిందో చూడు. డివిజన్‌కు ఒకటి చొప్పున అలా చూసి రాస్తే చాలు, ఏ పైపులైను ముందు మార్చాలో ఆ కాగితమే చెబుతుంది. చంపావతి మీద తలపెట్టిన తారకరామ తీర్థసాగర్‌లో మన ఊరి తాగునీటి అవసరాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. సంతోషమే. కానీ ఆ నీళ్లు నిజంగా మన ట్యాంకులోకి చేరేదాకా ఏ ఏడాది లెక్కలోనూ వాటిని కలపకు.

రోడ్ల వెడల్పు కొలవడానికి నీకు ఒక మంచి రోజు చెబుతాను. పైడితల్లమ్మ సిరిమానోత్సవం. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, ఊళ్లోని అమ్మవారి చదురుగుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిరుగుతుంది. దానికోసం అరుగులు, రేకుల పందిళ్లు, తోపుడు బళ్లు అన్నీ వెనక్కు జరుగుతాయి. ఆ దారి అసలు వెడల్పు అప్పుడే కనిపిస్తుంది. ముందురోజు టేపు పట్టుకుని వెళ్లి కొలువు, పదిహేను రోజుల తర్వాత మళ్లీ కొలువు. ఆ రెండు కొలతలూ పక్కపక్కన రాయి. అయితే ఒక్క మాట గుర్తుపెట్టుకో. తోపుడు బండి పెట్టుకుని బతికేవాణ్ణి తోలెయ్యమని ఆ లెక్క రాయడం లేదు. వాళ్లకు చోటు చూపించకుండా రోడ్డు ఖాళీ చేయించిన ఏ ఊళ్లోనూ ఆ ఖాళీ నిలవలేదు. విక్రయ స్థలం కూడా ప్రణాళికలో భాగమే.

ఇంకో సంగతి, నగర హద్దు దగ్గర నీ మ్యాపు ఆగిపోకూడదు. 1888లో మునిసిపాలిటీ అయిన ఊరు 2015లో నగరపాలక సంస్థ అయింది. హోదా పెరిగింది. కానీ ఊరిని పెంచుతున్నవాటిలో చాలావరకు పొలిమేరల దగ్గరో, అవతలో ఉన్నాయి. కొండకరకంలో తాత్కాలిక ప్రాంగణంతో మొదలైన గిరిజన విశ్వవిద్యాలయం, ద్వారపూడిలో జేఎన్‌టీయూ గురజాడ, 2023లో తరగతులు మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల, భోగాపురం విమానాశ్రయం. అక్కడ పనిచేసేవాళ్లకు, చదువుకునేవాళ్లకు ఇల్లు, బడి, ఆసుపత్రి కావాలంటే మన ఊరికే వస్తారు. పొలిమేర పంచాయతీలో వేసిన లేఅవుట్ మురుగు మన కాలువలోకే దిగుతుంది. మన ఊరు విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ పరిధిలోనే ఉంది. వాళ్లు 2041 వరకు చేసిన మాస్టర్ ప్లాన్‌లో మన వైపు ఏ రోడ్లు గీశారో చూసి, ఆ రోడ్ల గీతల మీద ఇప్పటికే ఎన్ని ఇళ్లు లేచాయో నివేదికలో చెప్పు. ఇళ్లు లేచాక రోడ్డు వెయ్యబోవడం పెళ్లివారు దిగాక గాడిపొయ్యి తవ్వినట్టే.

పనుల క్యాలెండర్ తయారుచేసేటప్పుడు మన తుపాన్ల కాలం చూసుకో. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, గులాబ్ 2021 సెప్టెంబరు 26న తీరం దాటాయి. కాలువల పూడిక మే నెలలో తీసి ఊరుకుంటే చాలదు, సెప్టెంబరు మొదట్లో మరోసారి తీయాలి. దానికి డబ్బు బడ్జెట్‌లో విడిగా చూపించు, లేకపోతే ఆగస్టులో అడిగితే దొరకదు. కల్వర్టు పనులకు టెండర్లు జనవరిలోపు ముగిస్తేనే వానలకు ముందు పూర్తవుతాయి.

నివేదిక అమరిక గురించి ఒక్కటే చెబుతాను. నిరుటి ప్రణాళికలో ఏమేం చేస్తామన్నారో అది ముందు పెట్టు. ఒక్కొక్క పనికి ఎదురుగా అయిందో కాలేదో, కాకపోతే ఎందుకు కాలేదో రెండు వాక్యాలు రాయి. భూమి దొరకలేదా, గుత్తేదారు వదిలేశాడా, కోర్టులో ఉందా, పేర్లు లేకుండా కారణం మాత్రం రాయి. మీ పైవాళ్లు మొదట ఇష్టపడకపోవచ్చు. జరగని పనుల జాబితా ఎందుకని అడుగుతారు. అవే పనులకు ఈ ఏడాది మళ్లీ నిధులు అడగాలి కదా, కారణం మనమే చెబితే అడగడం తేలికవుతుందని వివరించు. కోపంగా కాదు, వినయంగా, కానీ కాగితం మీద. కౌన్సిల్ సమావేశంలో చదివేది నాలుగు పేజీలు దాటకుండా చూడు, మిగతాదంతా అనుబంధంలో వెయ్యి. ఎవరి డివిజన్ లెక్క వారికి ఒక్కో కాగితంగా ముందే పంపిస్తే, సమావేశంలో వాదన ఆ లెక్క మీదే జరుగుతుంది.

ముసాయిదా ఒక రూపానికి రాగానే నాకు పంపు. పట్టికలు తర్వాత చూద్దాం, ముందు ఆ రంగుల మ్యాపు, గోడల మీద మట్టి గీతల కొలతలు పంపు. ఎండలో తిరిగేటప్పుడు గొడుగు, మంచినీళ్లు మరిచిపోకు. వచ్చే ఆదివారం నేనే అటు వస్తాను, కొత్తవలస రోడ్డు వైపు ఇద్దరం కలిసి నడుద్దాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య